పల్లెలో చిన్న పరిశ్రమ: ఏ పనికి పర్మిటు కావలెను, ఏ పనికి అక్కరలేదు?

2025 వ సంవత్సరపు వేసవిలో చిత్తూరు జిల్లా తోతాపురి మామిడి రైతులు పడిన పాట్లు ఎవరును మరచియుండరు. కాయ విరగకాసినది. గుజ్జు ఫ్యాక్టరీల గేట్ల ముందు ట్రాక్టర్లు బారులు తీరినవి. తుదకు కిలోకు ఫ్యాక్టరీలవారు 8 రూపాయలు, ప్రభుత్వమువారు 4 రూపాయలు, వెరసి 12 రూపాయలు రైతునకు ముట్టునట్లు రాష్ట్ర ప్రభుత్వము నిర్ణయించవలసి వచ్చినది. అటువంటి ఏట ప్రతి తోటలోను ఒక మాట వినవచ్చును. “ఈ కాయను మనమే పిండి తాండ్ర పోసికొన్న బాగుండును గదా!” మాట మంచిదే. కాని ఆ వెంటనే మరియొక మాట దానిని చల్లార్చును: “లైసెన్సులు ఎవరు తేగలరు?”

వేరుసెనగ కాయలొలుచు యంత్రము తేదలచినవారికిని, కట్టె గానుగ పెట్టదలచినవారికిని, బెల్లము కాచి పొట్లములు కట్టి అమ్మదలచినవారికిని ఇదే సందేహము. ఊరిలో అడిగినచో మూడు విధములైన జవాబులు వచ్చును. “ఏమియు అక్కరలేదు, పెట్టుకొనుడు” అని ఒకరు. “పది ఆఫీసులు తిరుగవలెను, ఇది మనవల్ల కాదు” అని మరియొకరు. “అన్నియు నేను చూచుకొందును, ఇంత ఇచ్చిన చాలును” అని మూడవవాడు. మూడు మాటలును రైతునకు నష్టము కలిగించునవే. మొదటి మాట నమ్మినవాని సరుకు ఒకనాడు పట్టణపు అంగడివద్ద నిలిచిపోవును. రెండవ మాట విన్నవాడు బ్యాంకు అప్పు మంజూరైనను యంత్రము తేడు. మూడవవానిని నమ్మినవాడు ఉచితముగా దొరకు కాగితమునకు వేల రూపాయలు పోగొట్టుకొనును.

నిజమేమనగా, చిన్న పరిశ్రమలవారు ఏండ్ల తరబడి పెట్టుకొన్న మొరలకు ప్రభుత్వములు జవాబు చెప్పుచునే వచ్చినవి. కొన్ని పర్మిట్లను తీసివేసినవి. కొన్నింటిని కేవలము నమోదుగా మార్చినవి. కొన్నింటిని మాత్రము కదల్చలేదు, కదల్చకూడదు కూడ. ఏది ఏ కోవకు చెందినదో ఊరిలో తెలియకపోవుటయే నేటి చిక్కు. ఈ వ్యాసము రైతు సోదరులకు ఎంత అవసరమో, పంచాయతీ కార్యదర్శులకును, గ్రామ రెవిన్యూ అధికారులకును అంత అవసరము. ఏలయనగా, రైతు మొట్టమొదట అడుగునది మిమ్ములనే.

ముందు మూడు మాటలను వేరుచేసి తెలిసికొనుడు. నమోదు అనగా “నేను ఫలానా చోట ఫలానా పని చేయుచున్నాను” అని తెలియజేసి ఒక నంబరు పొందుట. లైసెన్సు అనగా అధికారి పరిశీలించి సరేయనిన పిమ్మట, షరతులకు లోబడి ఆ పని నడుపుట. పర్మిటు అనగా సాధారణముగా ఒక్క పనికి, లేక ఒక్క లోడు సరుకునకు, ఒక్క ప్రయాణమునకు ఇచ్చు అనుమతి. ఊరిలో ఈ మూడింటిని “లైసెన్సు” అనియే పిలుచుచున్నారు. సగము భయము అందువల్లనే పుట్టుచున్నది.

పాత పర్మిట్ల సంగతి

పెద్దవారికి పర్మిటు అనగానే బియ్యపు మిల్లు జ్ఞాపకము వచ్చును. 1958 లో పార్లమెంటు బియ్యపు మిల్లుల పరిశ్రమను క్రమబద్ధము చేయుటకు ఒక చట్టము చేసినది. దాని ప్రకారము కొత్త మిల్లు పెట్టుటకు పర్మిటు, నడుపుటకు లైసెన్సు, రెండును ఉండవలెను. ఉద్దేశము చెడ్డది కాదు. ఇంటింట రోకలి పట్టి వడ్లు దంచి కూలి సంపాదించుకొను స్త్రీల పని యంత్రమువల్ల పోకూడదని అప్పటి పెద్దల తలంపు. అయితే జరిగినదేమి? దంపుడు బియ్యము ఎట్లును నిలువలేదు. ఊరివారికి దగ్గరలో చిన్న హల్లరు పెట్టుకొనదలచిన రైతు మాత్రము పర్మిటు కొరకు తిరుగవలసి వచ్చినది. అంతకుముందే పర్మిటు చేతనున్నవానికి పోటీ తప్పినది. ఈ చట్టము 1997 లో రద్దయినది. కనుక నేడు హల్లరు పెట్టుటకు ఆ పాత పర్మిటు ఏమైనదని ఎవరైన అడిగినచో, అట్టి పర్మిటు ఇప్పుడు లేదని ధైర్యముగా చెప్పవచ్చును.

అదే విధముగా 1951 నాటి పరిశ్రమల అభివృద్ధి, క్రమబద్ధీకరణ చట్టము క్రింద పెద్ద పరిశ్రమలకు అవసరమైన కేంద్ర లైసెన్సును, కొన్ని పరిశ్రమలకు తప్ప, 1991 జూలైలో తీసివేసిరి. పల్లె పరిశ్రమలకు దానితో సంబంధము మొదటినుండియు స్వల్పమే.

ఇచ్చట ఒక సంగతి చెప్పక తప్పదు. చిన్నవారి మొరకు ప్రభుత్వము ఇచ్చిన జవాబు ఎల్లప్పుడును పర్మిటు తగ్గించుట మాత్రమే కాదు. 1967 మొదలుకొని కొన్ని వస్తువులను చిన్న పరిశ్రమలవారే చేయవలెనని ప్రత్యేకించి ఉంచిరి. పచ్చళ్ళు, వేరుసెనగ నూనె ఆ జాబితాలో తుదివరకు నిలిచిన వస్తువులు. 2015 ఏప్రిలులో ఆ చివరి 20 వస్తువులను కూడ జాబితానుండి తీసివేసిరి. అందుచే నేడు గానుగ పెట్టు రైతునకు కాగితముల బాధ కొంత తగ్గినది గాని, పెద్ద కంపెనీల పోటీ నుండి ఇదివరకున్న అడ్డు కూడ తొలగినది. ఇది తెలిసికొనియే పెట్టుబడి పెట్టవలెను.

ఒలుపు యంత్రము, పంచాయతీ

వేరుసెనగ కాయలొలుచు యంత్రము తెచ్చుకొనువారికి కాలుష్య నియంత్రణ మండలి అనుమతి కావలెనా యను ప్రశ్న తరచుగా వచ్చును. ఇదివరకు పరిశ్రమలను ఎరుపు, నారింజ, ఆకుపచ్చ అను మూడు తరగతులుగా విభజించి, మూడింటికిని మండలివారి సమ్మతిని కోరుచుండిరి. దుమ్ముతప్ప వేరేమియు లేని చిన్న యంత్రములవారు దీనిపై మొరపెట్టుకొనిరి. 2016 మార్చిలో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలివారు తెలుపు అను నాలుగవ తరగతిని ఏర్పరచి 36 రకముల పనులను అందు చేర్చిరి. వీరికి సమ్మతి అక్కరలేదు, తెలియజేసిన చాలును. 2024 నవంబరులో కేంద్ర ప్రభుత్వము ఈ మినహాయింపునకు నోటిఫికేషను కూడ ఇచ్చినది. 2016 నాటి జాబితాలో వేరుసెనగ ఒలుపు కలదు. చేతితో కలుపు సేంద్రియ ఎరువుల తయారీయు, అద్దకము, చలువ చేయుట లేని చేనేతయు అందు కలవు.

అయితే ఈ మినహాయింపును సాగదీయకూడదు. కాయలు ఒలుచుట వేరు, నూనె తీయుట వేరు. చేనేత వేరు, నూలునకు రంగు అద్దుట వేరు. రంగునీరు కాలువలోనికి పోవుచోట, ఎంత చిన్న పరిశ్రమయైనను మండలివారి సమ్మతి తీసికొనవలెను. బెల్లపు పొయ్యికి పొగ ఉన్నది. ఆ విషయము జిల్లా పరిశ్రమల కేంద్రములో ముందుగా అడిగి వ్రాతమూలకముగా జవాబు తీసికొనుట మేలు.

మండలి అనుమతి లేకపోయినను పంచాయతీ అనుమతి వేరుగా కలదని మరువకుడు. 1994 నాటి పంచాయతీరాజ్ చట్టము ప్రకారము ఊరిలో యంత్రము అమర్చుటకును, చుట్టుపట్లవారికి ఇబ్బంది కలిగించు కొన్ని వృత్తులకును గ్రామ పంచాయతీ అనుమతి తీసికొనవలెను. దీనిని కేవలము రుసుము వసూలు చేయు పని అని తలంచరాదు. ఒలుపు యంత్రము దుమ్ము ప్రక్కయింటి వాకిట పడును. మోటారు చప్పుడు బడిపిల్లల చదువునకు అడ్డము వచ్చును. ఇట్టి తగాదా లేచినప్పుడు, పంచాయతీ అనుమతి చేతనున్నవాడు సమాధానము చెప్పుకొనగలడు. లేనివాని యంత్రము సరిగా కాయలు రాలు దినములలోనే ఆగిపోవును. కనుక కొట్టమునకు పునాది త్రవ్వకముందే గాలి వాలు చూచి, ఇండ్లకు దూరముగా చోటు ఎంచుకొని, మోటారు శక్తి, నడుపు వేళలు, దుమ్ము ఆపుటకు చేయు ఏర్పాటు దరఖాస్తులో వ్రాసి ఇయ్యవలెను.

కార్యదర్శులు చేయవలసినది కొంచెమే. దరఖాస్తు అందిననాడే తేదీతో రసీదు ఇయ్యవలెను. లోపములున్నచో అన్నింటిని ఒక్కసారే వ్రాసి తెలుపవలెను. ఒక ఊరిలో కట్టె గానుగ పెట్టదలచిన రైతును నాలుగు పర్యాయములు త్రిప్పి, ప్రతి పర్యాయము ఒక్కొక్క కొత్త కాగితము అడిగినట్లు మేమెరుగుదుము. ఆ కాగితములన్నియు మొదటినాడే అడిగి యున్నచో ఆ యేటి పంట గానుగకు వచ్చియుండును. అట్టి సందర్భములో రైతు కోపగించుకొని ప్రయోజనము లేదు. నోటిమాటగా అడిగినదానిని కాగితముపై వ్రాసి ఇయ్యుడని కోరుటయే ఉపాయము. అక్కరలేని కాగితమును వ్రాతమూలకముగా అడుగుటకు ఎవరును సాహసింపరు. అప్పటికిని జవాబు రానియెడల, 2005 నాటి సమాచార హక్కు చట్టము క్రింద “నా దరఖాస్తు ఏ స్థితిలో నున్నది, ఏ నిబంధన ప్రకారము ఆగినది” అని అడిగిన, 30 దినములలో సమాచారమీయవలెను.

విద్యుత్తు విషయము ఒక్కమాటలో చెప్పుదుము. వ్యవసాయపు పంపుసెట్టు కనెక్షను నుండి తీగ లాగి గానుగగాని ఒలుపు యంత్రముగాని త్రిప్పరాదు. ఆ కనెక్షను సేద్యమునకు ఇచ్చినది. తిరుపతి కేంద్రముగానున్న దక్షిణ ప్రాంత విద్యుత్ పంపిణీ సంస్థవారి స్థానిక కార్యాలయములో ఏ తరగతి కనెక్షను కావలెనో తెలిసికొని వేరు మీటరు పెట్టించుకొనవలెను.

పనివారి లెక్క కూడ అడుగుచుందురు. ఇదివరకు యంత్రశక్తి ఉన్నచోట 10 మంది, లేనిచోట 20 మంది పనిచేసిన ఫ్యాక్టరీ చట్టము వర్తించుచుండెను. 2025 నవంబరు 21 న అమలులోనికి వచ్చిన వృత్తి భద్రత, ఆరోగ్య స్మృతి ఈ సంఖ్యలను 20, 40 గా పెంచినది. ఇంటిల్లిపాదియు కలిసి నడుపు గానుగకు దీనితో పని పడదు. లెక్క తప్పినను పట్టాకు, చక్రమునకు కంచె లేకుండ యంత్రము నడుపకుడు. చీర కొంగు చిక్కుకొన్నప్పుడు ఏ మినహాయింపును అక్కరకు రాదు.

తినుబండారములకు నమోదు తప్పదు

ఇక తాండ్ర, పచ్చడి, నూనె, బెల్లముల సంగతి. ఇచ్చట రైతులు శ్రద్ధగా చదువవలెను. మినహాయింపు ఎక్కడ ముగియునో, బాధ్యత ఎక్కడ మొదలగునో తెలియకనే చాలమంది పొరబడుచున్నారు.

పూర్వము 1954 నాటి కల్తీ నిరోధక చట్టమును, పండ్లతో చేయు సరుకులకు 1955 నాటి ఫ్రూట్ ప్రాడక్ట్స్ ఆర్డరును వేరువేరుగా ఉండెడివి. పాలకు 1992 లో మరియొక ఉత్తర్వు వచ్చినది. ఒకే పాకలో తాండ్రయు, పాలకోవయు చేయువారు రెండు మూడు శాఖలకు జవాబు చెప్పుకొనవలసి యుండెడిది. ఈ బాధ గుర్తించియే 2006 లో వానినన్నింటిని ఆహార భద్రత, ప్రమాణముల చట్టమను ఒకే గొడుగు క్రిందికి తెచ్చిరి. దాని లైసెన్సు, నమోదు నిబంధనలు 2011 ఆగష్టు 5 నుండి అమలులోనికి వచ్చినవి.

ఈ చట్టము రైతునకును, సేద్యపు పనులకును, పొలములోనున్న పంటకును వర్తించదని చట్టములోనే స్పష్టముగా నున్నది. కనుక మీ తోటలోని మామిడికాయలను కోసి అమ్ముటకు ఆహార లైసెన్సు అడుగుట తగదు. కాయను పిండి, రసము తీసి, ఎండబెట్టి తాండ్ర చేసిన క్షణమున మీరు ఆ మేరకు ఆహార వ్యాపారి అయితిరి. నమోదు అప్పుడు కావలెను. పాడి రైతులకును మంచి మినహాయింపు ఒకటి కలదు. రిజిస్టరైన పాల సహకార సంఘములో సభ్యుడై, తన పాలనంతయు ఆ సంఘమునకే పోయు రైతు నమోదు చేసికొన నక్కరలేదు. పాలను ఇంట పెరుగుగాను, కోవగాను మార్చి అంగడికి పంపువారికి ఈ మినహాయింపు లేదు.

చిన్నవారిపై భారము పడకుండుటకు 2011 నాటి నిబంధనలు రెండు మెట్లు ఏర్పరచినవి. ఏడాదికి 12 లక్షల రూపాయలకు మించని వ్యాపారము గలవారికి నమోదు చాలునని, రుసుము ఏడాదికి 100 రూపాయలని అందు నిర్ణయించిరి. తయారీ పరిమాణము సాధారణముగా రోజునకు 100 కిలోలు లేక 100 లీటర్ల లోపు ఉండవలెను. అంతకు మించినవారికి లైసెన్సు. ఈ హద్దులను ప్రభుత్వము సవరించుచుండును గావున, దరఖాస్తు చేయునాటి హద్దును ఆహార భద్రతాధికారిని అడిగి చూచుకొనుడు. చిన్నవారి మేలుకొరకు మరియొక ఏర్పాటు ఆ నిబంధనలలోనే చేసిరి. దరఖాస్తు అందిన 7 దినములలో నమోదు ఇయ్యవలెను, లేక కారణము వ్రాసి నిరాకరించవలెను, లేక తనిఖీకి నోటీసు ఇయ్యవలెను. ఏడు దినములలో వీనిలో ఏదియు జరుగకున్నను, తనిఖీ అనిన పిమ్మట 30 దినములలో నిర్ణయము రాకున్నను, చిన్న వ్యాపారి తన పని మొదలు పెట్టవచ్చును. అధికారి ఆలస్యమునకు రైతు శిక్ష అనుభవించకూడదని ఇట్లు వ్రాసిరి. కాని ఆ 7 దినములను లెక్కించుటకు ఆధారము కావలెను. దరఖాస్తు నంబరు లేక తేదీ ముద్ర గల రసీదు లేనివానికి ఈ నిబంధనవలన ప్రయోజనము శూన్యము.

నమోదు సులభమయినంత మాత్రమున శుభ్రత సులభము కాలేదు. తాండ్ర పోయు చాపలు నేలపై పరచకుడు, బల్లలపై పరచుడు. ఈగలు వాలకుండ సన్నని వల కట్టుడు. రసము కాచు పాత్రలు స్టెయిన్‌లెస్ స్టీలువైన మేలు. ఇనుప, రాగి పాత్రలలో మామిడి పులుపు లోహమును తినివేయును. బావినీటిని పరీక్ష చేయించి ఆ కాగితమును నమోదు పత్రముతోబాటు ఉంచుడు. పొట్లము కట్టి అమ్మునప్పుడు తయారుచేసినవారి పేరు, చిరునామా, నికర తూకము, తయారైన నెల, సంవత్సరము, గరిష్ఠ చిల్లర ధర, నమోదు నంబరు దానిపై అచ్చువేయవలెను. పొట్లములు కట్టువారు 2011 నాటి తూనికలు కొలతల శాఖ నిబంధనల ప్రకారము పని మొదలైన 90 దినములలో ఆ శాఖలో కూడ నమోదు చేసికొనవలెను. ఈ రెండవ నమోదును చాలమంది మరచుచున్నారు. పట్టణపు అంగడివాడు సరుకు త్రిప్పిపంపినప్పుడు గాని అది జ్ఞాపకము రాదు.

బెల్లమును గూర్చి వేరుగా చెప్పవలెను. చిత్తూరు, గాజులమండ్యములలోని సహకార చక్కెర ఫ్యాక్టరీలు మూతబడిన తరువాత మన జిల్లాలలో చెరకు రైతునకు బెల్లము ముఖ్యమైన ఆధారమైనది. బెల్లము తినుబండారమే గనుక, పైన చెప్పిన నమోదు దానికిని వర్తించును. పసుపుపచ్చగా మెరయవలెనని హైడ్రోసు పొడిని గుప్పిళ్ళతో పోయుట మన గానుగలలో అలవాటైపోయినది. బెల్లములో గంధకపు డయాక్సైడు పది లక్షల పాళ్ళలో 70 పాళ్ళకు మించరాదని ప్రమాణము. రంగు చూచి ధర కట్టు మండీలో ఇది రైతునకు కష్టముగానే తోచును. కాని నమూనా పరీక్షలో తప్పినప్పుడు శిక్ష పడునది మండీవానికి కాదు, కాచినవానికి.

నల్లబెల్లము విషయములో రైతులకున్న భయము వేరు. సారా కాచుటకు పోవునేమో యను అనుమానముతో లోడులను దారిలో ఆపుట పలుమారు జరిగినది. 1968 నాటి ఎక్సైజు చట్టము శిక్షించునది సారా తయారీకై పదార్థములను సమకూర్చుకొనుటను. చెరకు పండించి బెల్లము కాచుట నేరము కాదు. అయినను దారిలో ఈ వాదము చెప్పుట కంటె కాగితము చూపుట సులభము. ఏ గానుగలో కాచినది, ఎన్ని దిమ్మెలు, ఎవరికి పంపుచున్నది వ్రాసిన చీటీయు, కొనువాని మార్కెటు లైసెన్సు నంబరును లోడుతో పంపుడు. ఊరు పేరు తెలియని కొనుగోలుదారునికి, రాత్రివేళ, బిల్లు లేకుండ అమ్మిన రైతు తరువాత ఎంత మొరపెట్టుకొన్నను వినువారుండరు.

మార్కెటు లైసెన్సు అనగానే మరియొక సందేహము. 1966 నాటి ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ మార్కెట్ల చట్టము క్రింద లైసెన్సు కావలసినది వ్యాపారమునకు. తన పొలములో పండిన పంటను తాను అమ్ముకొను రైతునకు అది అక్కరలేదు. మీ కాయలను మీ యంత్రములో ఒలిచి అమ్మునంతవరకు మీరు రైతే. ఇరుగుపొరుగువారి కాయలను కొని, ఒలిచి, లాభమునకు అమ్మిన మీరు వ్యాపారి. మార్కెటు కమిటీ కార్యాలయమునకు పోయి లైసెన్సు తీసికొనవలెను. కూలికి ఒలిచి ఇచ్చువారు తమ పుస్తకములో ఎవరి సరుకు ఎన్ని బస్తాలు అని వ్రాసి ఉంచుకొన్న, తనిఖీనాడు వాదులాట ఉండదు.

ఉచితముగా దొరకు నమోదు

చిన్న పరిశ్రమల గుర్తింపునకై 2020 జూలై 1 నుండి ఉద్యమ్ అను నమోదు అమలులోనున్నది. దీనికి పూర్వము జిల్లా పరిశ్రమల కేంద్రములో దరఖాస్తు దాఖలు చేయుచుండిరి. 2015 లో ఉద్యోగ్ ఆధార్ వచ్చి దానిని తేలిక చేసినది. ఉద్యమ్ నమోదుకు రుసుము లేదు. కాగితములు జతచేయ నక్కరలేదు. ఆధారు నంబరుతో మీరు చెప్పిన మాటనే ఆధారముగా తీసికొందురు. దీనికి డబ్బు అడుగు ప్రైవేటు వెబ్‌సైట్లు చాల కలవు, వానిని నమ్మకుడు. మరియొక సంగతి: ఉద్యమ్ పత్రము లైసెన్సు కాదు. దానిని గోడకు తగిలించి, ఆహార నమోదు లేకుండ తాండ్ర అమ్మరాదు. సేద్యమునకు మాత్రమే ఈ నమోదు ఇయ్యరు. గానుగ, తాండ్ర, ఒలుపు యంత్రము వంటి తయారీ పనులకు ఇత్తురు. బ్యాంకు అప్పు కొరకును, కొనుగోలుదారు సొమ్ము ఆలస్యము చేసినప్పుడు ఫిర్యాదు చేయుటకును ఇది పనికివచ్చును. 2020 లో కేంద్ర ప్రభుత్వము ప్రారంభించిన సూక్ష్మ ఆహార పరిశ్రమల పథకములో యంత్రముల ఖర్చులో 35 శాతము, 10 లక్షలకు మించకుండ, అప్పుతో జతపరచి సబ్సిడీగా ఇచ్చిరి. అట్టి పథకమేది నడచుచున్నను మొదట అడుగునవి ఈ నమోదు పత్రములే.

ఎర్రచందనమునకు మాత్రము

ఇంతవరకు తగ్గిన, తేలికయైన అనుమతులను చెప్పితిమి. తగ్గనిది ఒకటి మన గట్లపైననే పెరుగుచున్నది. శేషాచలము కొండల ప్రక్కన పట్టా భూములలో ఎర్రచందనము నాటిన రైతులు అనేకులు కలరు. ఈ చెట్టు తూర్పు కనుమల దక్షిణ భాగమున తప్ప ప్రపంచములో మరెక్కడను సహజముగా పెరుగదు. 1995 లో అంతర్జాతీయ వన్యజాతుల వ్యాపార ఒప్పందమైన సైటీస్ రెండవ అనుబంధములో దీనిని చేర్చిరి. అడవిలోని చెట్టును దొంగలు కొట్టినందున, తన పొలములో పెంచిన రైతు కూడ అమ్ముకొనలేకపోవుచున్నాడని మొర బయలుదేరినది. ఈ మొర న్యాయమైనదే. దానికి జవాబుగా 2019 ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వము పట్టా భూములతో సహా ప్రైవేటు భూములలో సాగుచేసిన ఎర్రచందనము ఎగుమతికి, అనుమతి పత్రముపై, వీలు కల్పించినది. 2004 నుండి ఈ చెట్టు విషయమై భారతదేశముపై సాగుచున్న సైటీస్ ప్రత్యేక సమీక్ష నుండి 2023 నవంబరులో దేశమునకు విముక్తి లభించినది.

ఇది విని గొడ్డలి తీయకుడు. ఎగుమతి సడలినదే గాని, నరకుటకు అటవీశాఖ అనుమతియు, దుంగలపై శాఖవారి ముద్రయు, రవాణాకు పర్మిటును మునుపటివలెనే కావలెను. చెట్టు మీ పొలములోనిదే యని రుజువు చేయుట అన్నింటికంటె ముఖ్యము. పట్టాదారు పాసుపుస్తకము, 1-బి, అడంగలు, సర్వే పటములలో హద్దులు సరిగానుండవలెను. అడవిని ఆనుకొన్న పొలమైనచో రెవిన్యూ, అటవీశాఖలవారు కలిసి హద్దు చూచు పని ఎక్కువ కాలము పట్టును. పూర్వము ఇట్టి చెట్ల లెక్క కరణము అడంగలులో వ్రాసెడివాడు. ఆ ఉద్యోగములు 1984 లో రద్దయినవి. నేడు ఆ బాధ్యత గ్రామ రెవిన్యూ అధికారిపైన నున్నది. మొక్క నాటిన సంవత్సరమే, ఎన్ని నాటినారో అడంగలులో వ్రాయించుకొనుడు. పాతిక ముప్పది ఏండ్ల తరువాత మీ బిడ్డలు పర్మిటు కోరునప్పుడు, ఆ ఒక్క పంక్తి వారికి అక్కరకు వచ్చును.

ఈ యేడు తాండ్ర పోయదలచినవారు కాయ కోతకు వచ్చువరకు ఆగక, పూత నిలచిన దినములలోనే పంచాయతీకి, ఆహార భద్రతాధికారికి దరఖాస్తులు ఇయ్యవలెను. తోతాపురి కోత జూన్ నాటికి ముమ్మరమగును. నీటి పరీక్షకు, విద్యుత్ మీటరునకు, చాపలు, వలలు సమకూర్చుకొనుటకు మార్చి, ఏప్రిలు నెలలు చాలును. దరఖాస్తుల రసీదులను ఒక సంచిలో, పట్టాదారు పాసుపుస్తకముతోబాటు భద్రము చేసికొనుడు.